కొయ్యయింటికి వానకాలము



ఒడిశాలోని కలహండి కొండలలో జన్మించి, బస్తరు మహారణ్యముల నడుమ బహుదూరము ప్రవహించి, బీజాపూర్ జిల్లాలోని భద్రకాళి గ్రామమువద్ద ఇంద్రావతి గోదావరిలో లీనమగుచున్నది. ఆ సంగమమునకు చేరువనున్న భోపాలపట్నము, మద్దేడు ప్రాంతములలో నేటికిని వీధులలో తెలుగు వినబడును. ఇచటి దోర్ల యను గిరిజనుల పలుకులో సైతము తెలుగు కలిసియున్నది. 2007వ సంవత్సరమున దంతెవాడనుండి విడివడి ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన ఈ సీమకు అడవియే ఆస్తి. దక్షిణమున టేకు, ఉత్తరమునకు పోవుకొలది సాలవృక్షము, నడుమ నల్లమద్ది, ఏగిస, ఇప్ప, తునికి: ఇన్ని జాతుల వృక్షములు ఈ జిల్లాలో పెరుగును.

ఇట్టి అడవి నడుమ నివసించువారు ఇల్లు దేనితో కట్టుకొందురు? కొయ్యతోనే. గుంజలు కొయ్య, దూలములు కొయ్య, వాసములు కొయ్య. గోడకు వెదురు దడి కట్టి మట్టి మెత్తుదురు. కొన్ని చోట్ల చీల్చిన కొయ్యలనే వరుసగా నిలిపి గోడగా చేయుదురు. పెరటి చుట్టు కట్టిన ప్రహరీ సైతము చీల్చిన సాలు కొయ్యయే. జ్యేష్ఠము చివర మొదలైన వాన ఆశ్వయుజము దాక ఆ కొయ్యపైని కురియును. ఆ తరువాత మంచు, ఆ తరువాత నిప్పులు చెరుగు వైశాఖపు టెండ. ఏటేట ఈ మూడింటిని ఓర్చుకొనవలసిన ఆ కొయ్య వెలుపలి ముఖమును గురించియే ఈ పూట మీతో మాట్లాడ దలచితిని.

వానలు వెలిసిన తరువాత ఒకనాడు మీరు మీ యింటి గోడను పరిశీలించుడు. కొయ్యపై నల్లని మచ్చలు, బూడిద రంగు నూగు, కొన్ని తావుల పచ్చని పాచి కనబడును. కొయ్య కుళ్ళుచున్నదని గృహిణి భయపడును. ఏటేట వచ్చునదే గదా యని గృహస్థు ఉపేక్షించును. ఈ రెండును పూర్తిగా సరికావు. బూజు వేరు, కుళ్ళు వేరు. ఈ భేదమును ముందుగా మనస్సున నిలుపుకొనవలెను.

బూజు కొయ్య పైముఖముననే బ్రతుకును. పైనున్న దుమ్మును, కొయ్యలో మిగిలిన చక్కెరలను తిని, నల్లని మరకను మిగుల్చును. గుంజ బలమును తినజాలదు. కుళ్ళు అట్లు కాదు. అది లోపలికి చొచ్చి, కొయ్యకు బిగువునిచ్చు నారనే జీర్ణము చేసికొనును. ఏది బూజో ఏది కుళ్ళో తెలిసికొనుటకు ఒక సులభమైన మార్గము గలదు. చిన్న కత్తి మొనతో గాని, చెప్పులు కుట్టువారి ఆరెతో గాని ఆ మచ్చపై గుచ్చి చూడుడు. మొన గట్టిగా ఆగినచో అది బూజు. మెత్తగా లోనికి దిగిపోయినచో అది కుళ్ళు. అయినను బూజును చిన్నచూపు చూడరాదు. బూజు కనబడినచోట తడి నిలుచుచున్నదని అర్థము. నేడు బూజు నిలిచిన తడిలోనే రేపు కుళ్ళు పుట్టును.

బూజైనను, కుళ్ళైనను శిలీంధ్రజాతియే. అది బ్రతుకుటకు ఆహారము కావలెను, గాలి కావలెను, వెచ్చదనము కావలెను, నీరు కావలెను. కొయ్యయే ఆహారము గనుక దానిని తొలగింపలేము. గాలిని ఆపలేము. బీజాపూర్ వెచ్చదనమును చల్లార్చు శక్తి మనకు లేదు. మన చేతిలోనున్నది నీరొక్కటే. 100 పాళ్ళ ఎండుకొయ్యలో నీరు 20 పాళ్ళకు లోబడి ఉన్నంతకాలము కుళ్ళు పుట్టదని కొయ్యశాస్త్రము నెరిగినవారు చెప్పుదురు. కావున ఈ ప్రసంగమున మీరు జ్ఞాపకముంచుకొనవలసిన మాట యొక్కటే: కొయ్యకు తడి చేరనీయకుడు, చేరిన తడిని త్వరగా ఆరనీయుడు. ఈ మాటను నడుమ నడుమ మరల చెప్పుచుందును. ఏల యనగా, నూనెలు, రంగులు, మందులు అన్నియు దీని తరువాతివే.

పుణె సమీపమునగల కార్లా గుహలలోని చైత్యగృహమును దర్శించినవారు పైకప్పున వంపు తిరిగిన కొయ్య దూలములను చూచియుందురు. అవి సుమారు 2000 సంవత్సరముల నాటివి. వానిని నిలిపినది ఏ మందును కాదు. కొండ వానకు అడ్డమైనది. కొయ్య పొడిగా ఉన్నది. అంతియే.

ఇక గుంజ మొదలును చూతము. ఏ పల్లెకు వెళ్ళినను పాతిన గుంజ ఒకే చోట చెడియుండుట కనబడును. భూమికి పైనున్న భాగము గట్టిగానే ఉండును. త్రవ్వి చూచినచో చాల లోతున ఉన్న భాగమును కొంత గట్టిగానే ఉండును. సరిగా నేలమట్టమున, జానెడు మేర, గుంజ సన్నగిలి చివికియుండును. ఎందువలన? పై భాగము ఎండలో ఆరును. అడుగు భాగమునకు తడియున్నను గాలి చాలదు. నేలమట్టమున తడియు గాలియు రెండును సమృద్ధిగా లభించును. శిలీంధ్రమునకు అంతకంటె కావలసినదేమి? చెదకును అదియే రాజమార్గము. నూతి అడుగున నిత్యము నీటిలో మునిగియున్న కొయ్య ఏండ్లతరబడి చెడకుండుటకును కారణమిదే. అచట నీరున్నది గాని గాలి లేదు.

ఈ రహస్యమును కష్టపడి నేర్చుకొన్న జాతులలో నార్వే దేశీయులొకరు. పూర్వము వారు తమ కొయ్య చర్చిల స్తంభములను నేలలో పాతిరి. అవి మొదళ్ళవద్ద కుళ్ళి కూలిపోయినవి. తరువాతి తరమువారు రాళ్ళు పరచి, రాళ్ళపై అడ్డదూలములు వేసి, ఆ దూలములపై స్తంభములను నిలిపిరి. అట్లు కట్టిన ఊర్నెస్ చర్చి 12వ శతాబ్దము నాటిది, నేటికిని నిలిచియున్నది. 1979లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. నార్వే వానకును మంచుకును ఓర్చిన ఆ కొయ్యకు వారు పైన్ చెట్లనుండి తీసిన తారును మరల మరల పూయుచు వచ్చిరి. ఐనను, తారుకంటె ముందు పనిచేసినది క్రిందనున్న రాయి యని నా నిశ్చయము. మన మండువా లోగిళ్ళలో స్తంభముల క్రింద రాతి దిమ్మెలు వేసిన వడ్రంగులు ఈ విషయమునే ఎరిగియుండిరి.

కావున క్రొత్త యిల్లు కట్టువారికి నా మనవి. గుంజను మట్టిలో పాతకుడు. మూరెడెత్తు రాతి దిమ్మె కట్టి, దానిపై గుంజ నిలుపుడు. గాలికి కదలకుండుటకు ఇనుప పట్టీతో బిగింపుడు. పాతక తప్పని ప్రహరీ గుంజలకైనచో నేలకు పైన జానెడు, నేలలో మూరెడు మేర తారు బాగుగా పట్టింపుడు. మొదలును నిప్పులో కాల్చి పాతు అలవాటు మన పెద్దలలో కలదు. అది కొంతవరకు మంచిదే గాని, కాలిన పైపొర బీటలు వారినచో ఆ బీటల గుండ తడి లోనికి పోవును. కాల్చినంత మాత్రమున నిశ్చింతగా ఉండరాదు.

పాత యింటివారు ఏమి చేయవలెను? గుంజ మొదట పేరుకొన్న మట్టిని పారతో తొలగింపుడు. గోడకు ఆనించి పేర్చిన వంటచెరకును, పిడకలను, పాత పెంకులను దూరముగా జరుపుడు. అవి గోడకు ఆనియున్నంతకాలము ఆ భాగమునకు గాలి తగులదు. వాన వెలిసిన పిమ్మట సైతము అచట తడి ఆరదు. పైసా ఖర్చు లేని ఈ పని ఎన్నో డబ్బాల రంగుకంటె మేలు చేయును. తడి చేరనీయకుడు, చేరిన తడిని ఆరనీయుడు.

గోడకు తడి రెండు త్రోవల చేరును. పైనుండి వచ్చు జల్లు ఒకటి. నేలపై పడి ఎగిరిపడు చినుకు రెండవది. మొదటిదానికి చూరు మందు. పూర్వపు గడ్డియిండ్లకును, నాటుపెంకుటిండ్లకును చూరు ఎంత క్రిందికి వంగియుండెనో జ్ఞాపకము చేసికొనుడు. తల వంచి గాని లోపలికి పోలేకపోయెడివారము. నేడు రేకుల కప్పు వేసి, రేకు మిగులునని చూరును కురచ చేయుచున్నారు. ఆ మిగిలిన జానెడు రేకు వెల, పది వానకాలములలో చెడిపోవు గోడ వెలతో పోల్చదగినది కాదు. చూరును కనీసము రెండు మూరలు వెలుపలికి చాచుడు. ఇక ఎగిరిపడు చినుకు సంగతి. చూరు నీళ్ళు పడుచోట మట్టికి బదులు కంకర పరచినచో చినుకు బురదతో ఎగురదు. గోడ అడుగున ఏటేట ఏర్పడు ఆ ఎర్రని చార తగ్గిపోవును.

దూలముల కొనలను గురించి ఒక మాట. చెట్టు బ్రతికియున్నప్పుడు వేరునుండి నీరు పైకి పోవు సన్నని నాళములు మానంతటను నిలువుగా ఉండును. కొయ్యను అడ్డముగా కోసినప్పుడు ఆ నాళముల నోళ్ళన్నియు, కోసిన వరిగడ్డి మోపువలె, ఒక్కసారిగా తెరచుకొనును. అందువలన కొయ్య పక్కలకంటె కొన భాగము ఎన్నో రెట్లు వేగముగా నీటిని పీల్చును. చూరును దాటి వెలుపలికి వచ్చిన వాసముల కొనలే ముందుగా కుళ్ళుటకు కారణమిది. ఆ కొనలను చూరుకు లోపలగా కోయుడు. కోయ వీలులేనిచో వానిపై రేకు ముక్కను కప్పి, కొనకు రంగు గాని తారు గాని రెండు మూడు పూతలు వేయుడు.

ఏ కొయ్యను వాడవలెనని అనేకులు ప్రశ్నింతురు. టేకు మంచిది, ఏగిస మంచిది, నల్లమద్దియు గట్టిదే. కాని జాతికంటె ముఖ్యము చేవ. మాను నడిమి ముదురు రంగు భాగము చేవ. చుట్టునున్న తెల్లని భాగమునకు చేవయుండదు. టేకు చేవలో స్వభావసిద్ధముగా నూనెలును, శిలీంధ్రములకును చెదలకును గిట్టని పదార్థములును గలవు. అదే టేకు తెల్లచెక్కకు ఆ గుణము లేదు. టేకే గదా యని లేత మాను తెచ్చి వెలుపలి గోడకు వాడినవారు రెండు మూడు వానకాలములలో దాని పుచ్చును చూచి ఆశ్చర్యపడుదురు. తప్పు టేకుది కాదు, లేతదనముది. పచ్చికొయ్యను వాడుటయు అట్టిదే. వానలు వెలిసి, చలి ప్రవేశించిన పిమ్మట కొట్టిన కొయ్యను, నేలకు తగులకుండ బద్దలపై పేర్చి, నీడలో, గాలి ఆడుచోట ఆరబెట్టి, ఆపైని వాడవలెను.

ఇక ఎండ. వానకు భయపడువారు ఎండను మరతురు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు కొయ్యలోని నారను బంధించి ఉంచు లిగ్నిన్ అను పదార్థమును విడగొట్టును. అట్లు విడిపోయినదానిని మరుసటి వాన కడిగివేయును. అందువలననే క్రొత్త కొయ్య యొకటి రెండేండ్లలో బూడిదవన్నెకు తిరుగును. ఆ వన్నె మార్పు వలన బలము తగ్గదు. కాని పైపొర గరుకై, సన్నని బీటలు వారి, అందు నీరు నిలుచుటకు త్రోవ ఏర్పడును. ఎండ తలుపు తెరువగా వాన లోనికి వచ్చునన్నమాట.

దీనికి పూత అవసరము. ఏ పూత? బజారులో దొరకు మెరుగు వార్నీషును వెలుపలి గోడకు వేయవలదని నా అభిప్రాయము. అది కొయ్యపై పొరగా నిలుచును. ఎండకు ఆ పొర పగులును. పగులు గుండ నీరు లోనికి పోవును. లోనికి పోయిన నీరు ఆ పొర అడ్డమగుటచే వెలుపలికి రాలేదు. తడి చేరనీయకుడు, చేరిన తడిని ఆరనీయుడని గదా మనము చెప్పుకొన్నది. ఈ వార్నీషు రెండవదానికి అడ్డుపడును. కొయ్యలోనికి ఇంకిపోయి, పొర కట్టక, కొంచెము రంగు గలిగిన నూనె పూత మేలు. రంగు ఏల యనగా, ఆ వన్నెయే ఎండను ఆపును. పచ్చి అవిసె నూనెను ఒంటరిగా పూసినచో అది బూజునకు భోజనమగును. ఆరు నెలలలో గోడ నల్లబడును. అవిసె నూనె వాడదలచినవారు బూజును నివారించు మందు కలిసినదానినే తీసికొనవలెను. సముద్రతీరమున జాలరులు పడవలకు పూయు జీడిపిక్కల నూనె కొయ్యకు మంచిదే గాని, ఒంటికి తగిలినచో బొబ్బలెక్కును. చేతికి తొడుగు లేక ముట్టరాదు. లారీల ఇంజనులనుండి తీసిన మాడు నూనెను గోడలకు పూయు అలవాటు ఈ ప్రాంతములలో వ్యాపించుచున్నది. దానిని మానవలసినదిగా ప్రార్థించుచున్నాను. వానకు అది కారి పెరటిలోనికి, పెరటినుండి బావిలోనికి పోవును.

పూతకు ముందు గోడను శుభ్రము చేయవలెను. బూజుపై నూనె పూసినచో బూజును లోపల పెట్టి తలుపు వేసినట్లే. మెత్తని కుంచెతో, సబ్బు నీటితో, కొయ్య నార వెంబడి రుద్దుడు. అప్పటికిని పోని నల్లదనమునకు బ్లీచింగు పొడిని నీటిలో పలుచగా కలిపి పూసి, కొంతసేపటికి మంచినీటితో కడుగుడు. ఆ నీటిలో ఏ ఆమ్లమును కలుపరాదు, విషవాయువు పుట్టును. కడిగిన తరువాత కొన్ని దినములు ఎండనిచ్చి, చేయి పెట్టిన చల్లదనము తగులకుండ ఆరిన పిమ్మటనే పూత వేయవలెను. దీనికి తగిన సమయము చైత్ర వైశాఖములు. ఇప్పపువ్వు ఏరుట ముగిసి, విత్తనాల పండుగ నడచి, దుక్కి మొదలుగాని ఆ కొద్ది దినములు ఇంటి పనికే ఉన్నవనవచ్చును.

ఇంత శ్రమ యెందుకని అడుగువారుందురు. అడవి ఉన్నది గదా, గుంజ చెడినచో వేరొక గుంజ తెచ్చుకొందుమందురు. వారికి ఈ నేల చరిత్రనే జ్ఞాపకము చేయుదును. 1859లో హైదరాబాదు గుత్తేదారులు ఈ అడవులలోని సాలవృక్షములను విచ్చలవిడిగా కొట్టించుచుండగా, పోత్కేలు, భోపాలపట్నము మొదలగు జమీందారీల ప్రజలు తిరుగబడిరి. నాగుల్ దోర్ల మొదలగువారు ముందు నిలిచిరి. ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్క తల యను పట్టుదలతో వారు పోరాడగా, ప్రభుత్వము తుదకు ఆ గుత్తలను రద్దుచేయవలసి వచ్చినది. నిలిచియున్న చెట్టుకై ప్రాణమొడ్డినవారి సంతతి, కొట్టి తెచ్చిన చెట్టును అయిదేండ్లలో కుళ్ళనిచ్చుట తగునా? ముప్పదియేండ్లు నిలువవలసిన గుంజ పదియేండ్లకు కూలినచో, ఆ ముప్పదియేండ్లలో ఒక చెట్టు చేయవలసిన పనికి మూడు చెట్లు బలియగును. ఈ లెక్క ఎంత చదువురానివారికైనను తెలియును.

చివరిగా మందుల విషయము. ఇందు మన తెలుగువాని కృషి యొకటి ప్రపంచమంతట వ్యాపించియున్నది. మనలో చాలమందికి తెలియదు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం 1933లో ఒక కొయ్య మందును కనిపెట్టెను. తామ్రము శిలీంధ్రమును చంపును. పాషాణమనబడు ఆర్సెనిక్ చెదను, పురుగును చంపును. ఈ రెండును అంతకుముందు తెలిసినవే. కాని వానలో ఇవి కరగి కొట్టుకొనిపోయెడివి. పూసిన మందు నిలువకున్న ప్రయోజనమేమి? కామేశం వానికి క్రోమియమును చేర్చెను. క్రోమియము ఆ రెండింటిని కొయ్య నారకు అంటిపెట్టి, నీటికి కరగనీయక నిలిపెను. 1938లో అమెరికాలో దానికి పేటెంటు లభించినది. ఆస్కూ అను పేరుతో బయలుదేరిన ఆ మందు దేశదేశముల తీగల స్తంభములను, కంచె గుంజలను, వంతెన దూలములను దశాబ్దములపాటు కాపాడినది. ఆ మందును వానకు నిలుచునట్లు చేసిన ఘనత ఒక ఆంధ్రునిదగుట మనకు గర్వకారణము.

ఐనను, అందున్నది పాషాణము. పిల్లలు ఆడు వరండాలకు, నివాసగృహములకు దానిని వాడుట మంచిది కాదని తరువాతి కాలమున శాస్త్రజ్ఞులు భావించిరి. అమెరికాలో 2003 చివరకు ఇంటి వాడుకకై ఆ కొయ్య తయారీని పరిశ్రమవారే మానుకొనిరి. ఇంటి గోడకు, చూరు క్రిందనుండు కొయ్యకు, వెదురుకు వెలిగారమును, బోరిక్ ఆమ్లమును కలిపిన నీటిలో నానబెట్టుట క్షేమకరము. అది పుచ్చుపురుగును, కుళ్ళును ఆపును. నేరుగా వాన తగులుచోట మాత్రము అది కడుగుకొనిపోవును. కావున చూరు క్రింద మాత్రమే దానిని నమ్ముడు.

పాత విద్యుత్ స్తంభములు, రైలు పట్టాల క్రింద వేసిన పాత కొయ్య దిమ్మెలు వేలములో చవుకగా దొరకును. వానిని తెచ్చి ప్రహరీకి వాడువారుందురు. పచ్చని ఛాయ గల కొయ్యయైనచో అందు తామ్రమును, పాషాణమును ఉండవచ్చును. నల్లని తారు వాసన గలదైనచో క్రియోసోటు అను తారు నూనె ఉండవచ్చును. వానిని కంచెకు వాడుడు; ఇంటి లోపలికి తేకుడు. కోసినప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకొనుడు. అమ్మలారా, మీకు ప్రత్యేకముగా చెప్పుచున్నాను: అట్టి కొయ్య ముక్కలను ఎట్టి పరిస్థితిలోను పొయ్యిలో పెట్టకుడు. ఆ పొగ పీల్చరాదు. ఆ బూడిదతో గిన్నెలు తోమరాదు, కూరపాదులకు వేయరాదు. కోయగా మిగిలిన ముక్కలను, పొట్టును గోనెసంచిలో మూటకట్టి, పిల్లలకును పశువులకును అందకుండ, బావికి దూరముగా ఉంచుడు.